అయస్కాంతం పట్టని ఇనుము

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ప్రేమ్‌రాజ్ దుకాణం తెలియని మెకానిక్ ఆ రోజుల్లో నగరంలో ఒక్కడూ లేడు. పేరుకు దుకాణం గానీ, ఉన్నది రేకుల షెడ్డు. లోపల ఒక బల్ల, బల్ల మీద ఇటుకంత లావున్న రాగితీగ చుట్టలు రెండు, బల్ల కింద వరసగా లారీ బ్యాటరీలు. బలం చచ్చిన అయస్కాంతాలను ఆ చుట్టల మధ్య పెట్టి మళ్ళీ బలం ఎక్కించడం అతని పని. లారీ ఇంజన్లలో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు, రేడియో స్పీకర్లు, సైకిల్ డైనమోలు, అన్నీ ఆ బల్ల ఎక్కి దిగవలసిందే.

మనిషి మంచివాడే. మెదక్ మిషన్ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు, ఆదివారం ప్రార్థన తప్పడు, ఎవరినీ ఒక్క పైసా మోసం చేసి ఎరుగడు. కాకపోతే గీర ఉంది. తన పని గురించి ఎవరైనా సలహా చెబితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. పద్దెనిమిదేళ్ళు ఒకే బల్ల ముందు కూర్చుని, అందరి చేతా మిస్త్రీ సాబ్ అనిపించుకున్నవాడికి ఆ మాత్రం ఉంటుందిలెండి అని సందులో వాళ్ళు సరిపెట్టుకునేవారు.

అతని దగ్గరికి అయస్కాంతాలే కాదు, కళ్ళు కూడా వచ్చేవి. లేతు మీద పనిచేసేవాళ్ళకూ, కమ్మరులకూ, సాన పట్టేవాళ్ళకూ కంట్లో ఇనుప రజను పడడం మామూలు. పడగానే దవాఖానకు కాదు, ఉస్మాన్‌గంజ్ నుంచైనా సరే, కన్ను మూసుకుని నేరుగా ప్రేమ్‌రాజ్ దగ్గరికి వచ్చేవారు. అతను వాళ్ళను వెలుతురుకు ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, రెప్ప ఎత్తి, పెన్సిల్ మొనలా అరగదీసిన అయస్కాంతాన్ని మెల్లగా దగ్గరికి తెచ్చేవాడు. రజను ఎగిరి దానికి అంటుకునేది. దీనికి పైసా తీసుకునేవాడు కాదు. మూడుసార్లు పెట్టినా ఏమీ రాలేదంటే, కంట్లో ఇనుము లేదని తీర్పు. దుమ్ము పడిందిలే, నీళ్ళు కొట్టుకొని పొమ్మనేవాడు. ఆ తీర్పు ఒక్కసారి కూడా తప్పలేదని చెప్పుకునేవాడు. తప్పి ఉంటే ఎవడొచ్చి చెబుతాడు? కన్ను పోయినవాడు తన ఊళ్ళో తాను ఏడుస్తూ కూర్చుంటాడు. ఈ సంగతి ప్రేమ్‌రాజ్‌కు ఎన్నడూ తోచలేదు.

పంతొమ్మిది వందల యాభై మూడు, ఆషాఢ మాసం, ఒక మంగళవారం మధ్యాహ్నం బిచ్చయ్య ఎడమ కన్ను మూసుకుని వచ్చాడు. నాంపల్లి స్టేషన్ యార్డులో పట్టాల గ్యాంగులో పని అతనిది. అతని భార్య వీరమ్మదీ ప్రేమ్‌రాజ్‌దీ ఒకే ఊరు, మెదక్ అవతల. కులం వేరు, మతం వేరు, అయినా ఊరి వరసలు ఊరివే. ఆమె ప్రేమ్‌రాజ్‌ను అన్నా అనేది. బిచ్చయ్యకూ అతనికీ బావా అంటే బావా అన్న పిలుపు. బిచ్చయ్య నగరానికి వచ్చిన ఈ పన్నెండేళ్ళలో ఇద్దరూ వారానికొకసారి కలిసి చాయ్ తాగకుండా ఉండలేదు.

రెండు పట్టాలు ఒకదానినొకటి దాటే చోట క్రాసింగు ఉంటుంది కదా, బండి చక్రాల దెబ్బకు దాని అంచులు పెదవుల్లా బయటికి సాగుతాయి. వాటిని సుత్తీ ఉలీ పెట్టి చెక్కేస్తుంటే ఏదో చురుక్కుమని తగిలిందన్నాడు బిచ్చయ్య. పెద్ద నొప్పి లేదు. చూపు కూడా బాగానే ఉంది. తెల్లగుడ్డులో సూదిమొనంత ఎర్రటి చుక్క కనబడింది.

ప్రేమ్‌రాజ్ ఒకసారి పెట్టాడు. రెండోసారి పెట్టాడు. మూడోసారి మొనను గుడ్డుకు తగిలీ తగలనట్టు ఆనించి యాభై లెక్కపెట్టాడు. ఏమీ రాలేదు.

"ఇనుము లేదు బావా. రాయి పలుకేదో తగిలి పోయింది. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

బిచ్చయ్య నవ్వుకుంటూ మళ్ళీ పనికి పోయాడు. బుధవారం, గురువారం కూడా పోయాడు. శుక్రవారం కన్ను చింతనిప్పులా అయింది. శనివారం పొద్దున రెప్ప తెరవలేకపోతే వీరమ్మ అతన్ని రిక్షా ఎక్కించి కంటి దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ ఎక్స్‌రే ఫోటో తీశారు. గుడ్డు లోపల నువ్వుగింజలో సగమంత పలుకు ఏదో ఉందన్నారు. దవాఖానలో ఉన్న పెద్ద కరెంటు అయస్కాంతం పెట్టి లాగారు. పలుకు కదలలేదు. లోపలంతా చీము పట్టింది, ఈ కన్ను ఇక పనికిరాదు అన్నాడు డాక్టరు. అంతటితో ఆగలేదు. గాయపడిన కన్నును అలాగే ఉంచితే దాన్ని చూసి రెండో కన్ను కూడా చెడిపోయే జబ్బు ఒకటుందనీ, దెబ్బ తగిలిన రెండు వారాల లోపల చెడ్డదాన్ని తీసేస్తే మంచిది దక్కుతుందనీ వివరంగా చెప్పి, గడువు తారీఖు చీటీ మీద రాసి ఇచ్చాడు. పాపం, అతను చెప్పవలసిందంతా చెప్పాడు.

కన్ను తీసేస్తానంటే ఎవడు ఒప్పుకుంటాడండీ? బిచ్చయ్య మంచం దిగి, చీటీ జేబులో పెట్టుకుని, వీరమ్మ వద్దంటున్నా వినకుండా అబిడ్స్‌కు వచ్చాడు.

"బావా, డాక్టర్ ఉన్నదంటుండు. నువ్వు లేదన్నవు. నేను నీ మాట మీదనే ఉన్న. ఇంకోపారి జూసి చెప్పు" అన్నాడు.

ప్రేమ్‌రాజ్ చూశాడు. మళ్ళీ మూడుసార్లు అయస్కాంతం పెట్టాడు. ఏమీ రాలేదు. అప్పుడైనా, నాకు తెలిసింది అయస్కాంతాలు, కళ్ళ సంగతి డాక్టరుకు తెలుసు, ఆయన చెప్పినట్టు చెయ్యి అని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని తర్వాత తానే చెప్పుకున్నాడు. కానీ స్టూలు చుట్టూ నలుగురు మెకానిక్కులు నిలబడి చూస్తున్నారు. పద్దెనిమిదేళ్ళ పేరు వాళ్ళ ముందు పలచనైపోతుందనిపించింది.

"ఇనుమైతే నా చేతికి రాకుంట ఎటు వోతది? వాళ్ల మాగ్నెట్‌కు గూడ రాలే గదా. కన్ను దీపిచ్చుకోకు బావా" అన్నాడు.

ఫోటోలో కనబడింది కదన్నా అని వెంట వచ్చిన వీరమ్మ మెల్లగా అడిగింది. ఇసుక రేణువైనా ఫోటోలో కనబడుతుంది చెల్లె, చీము దానంతటదే కరుగుతుంది అని ఆమె నోరు మూయించాడు. అన్న మాట కాదనలేక ఆమె ఊరుకుంది. మరునాడే ఇద్దరూ బస్సెక్కి ఊరికి పోయారు. అక్కడ కళ్ళ జబ్బులకు నందివర్ధనం పూల రసం పోసే పెద్దమ్మ ఉంది.

వాళ్ళు పోయాక ప్రేమ్‌రాజ్‌కు మనసు నిలవలేదు. పైకి గీర గానీ లోపల మనిషి ఉన్నాడు. రాత్రిళ్ళు ఆ కన్ను కళ్ళముందు మెదిలేది. శుక్రవారం నాడు ఇక ఆగలేక ఒక అయస్కాంతం జేబులో వేసుకుని నాంపల్లి యార్డుకు నడిచాడు. ఎందుకు పోయాడని అడిగితే, తన మాట నిజమని గట్టిపరుచుకోవడానికే.

ముసురు పట్టి ఉంది. గ్యాంగులో బిచ్చయ్య జతగాడు భూమయ్య గోనెసంచి నెత్తిన కప్పుకుని అతన్ని ఆ క్రాసింగు దగ్గరికి తీసుకుపోయాడు. ప్రేమ్‌రాజ్ ముందు ఉలికి అయస్కాంతం ఆనించాడు. టక్కున పట్టింది. పక్క పట్టాకు ఆనించాడు. పట్టింది, లాగితే రాదు. క్రాసింగుకు ఆనించాడు. జారి కంకరలో పడింది.

తడిసిందేమోనని తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ క్రాసింగు పొడుగునా జానెడు జానెడుకూ పెట్టి చూశాడు. కర్రకు పెట్టినట్టే ఉంది. ఇది ఇనుము కాదా అని అడిగాడు. భూమయ్య అతన్ని వింతగా చూశాడు. ఇనుము గాకపోతే బండి దేని మీద పోతదని ఎదురు ప్రశ్న వేసి, కింద పడి ఉన్న చెక్కుముక్క ఒకటి ఏరి అతని చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రమే విద్యాసాగర్ దుకాణానికి వచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఒక కాలేజీలో ఫిజిక్సు ప్రయోగాలు చేయించే కుర్ర మాస్టరు. కాలేజీ అయస్కాంతాలకు బలం ఎక్కించుకోవడానికి నెలకొకసారి వస్తుంటాడు. ప్రేమ్‌రాజ్ ముక్కను అతని ముందు పెట్టి ఇదేమిటో చెప్పమన్నాడు. అతను చూసి, క్రాసింగుదంటున్నారు కాబట్టి మాంగనీసు కలిపిన ఉక్కు అన్నాడు. నూటికి పన్నెండు పాళ్ళు మాంగనీసు, మిగిలినదంతా దాదాపు ఇనుమేనట.

మరి అయస్కాంతం ఎందుకు పట్టదన్న ప్రశ్నకు అతను ఓపికగానే జవాబు చెప్పాడు. మామూలు ఇనుములో ప్రతి అణువూ ఒక చిన్న అయస్కాంతం. అణువులు వరసలు కట్టి కూర్చుంటాయి, రేషన్ షాపు ముందు జనంలాగా అన్నీ ఒకే వైపు ముఖం తిప్పి ఉంటాయి, అందుకే ఇనుముకు ఆ గుణం. మాంగనీసు కలిపి, ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే ఆ అణువులు కూర్చునే తీరే మారిపోతుంది. ఇనుము ఇనుమే, కానీ ముఖాలు ఒకవైపు తిరగవు. అయస్కాంతం దాన్ని గుర్తుపట్టదు.

"నమ్మకం లేకపోతే ఈ ముక్కని నాలుగైదు రోజులు సన్నని సెగ మీద ఉంచి, బూడిదలో మెల్లగా చల్లార్చండి మిస్త్రీగారూ. లోపలి అమరిక చెదిరి కొంత ఇనుము మళ్ళీ పాత తీరుకి వస్తుంది. అప్పుడు పడుతుంది" అన్నాడు విద్యాసాగర్.

ఇక్కడే నాకు ప్రేమ్‌రాజ్ మీద ఒళ్ళు మండుతుంది. ఆ రోజుకు దెబ్బ తగిలి పది రోజులు. గడువు ఇంకా నాలుగు రోజులుంది. తెల్లారి గౌలిగూడ పోయి బస్సెక్కితే పొద్దుగూకే లోపల ఊళ్ళో ఉంటాడు. ఏం చెయ్యాలో చంటిపిల్లవాడికైనా తెలుస్తుంది. అతనేమో పొయ్యి రాజేశాడు.

కాలేజీ కుర్రాడు పుస్తకం చదివి చెప్పిన మాటకు తాను ఊరికి పరుగెత్తి, తప్పయిపోయిందని బిచ్చయ్య కాళ్ళ దగ్గర కూర్చోవాలా? ముందు చూద్దాం. ముక్క పట్టకపోతే కుర్రాడిదే తప్పు. పట్టకూడదని కోరుకున్నాడు, అసలు సంగతి అది. బొగ్గుల మీద ముక్క పెట్టి, సెగ పెరగకుండా, ఆరకుండా కాపలా కాశాడు. శనివారం గిరాకీని వెనక్కి పంపాడు. ఆదివారం ప్రార్థనకు పోలేదు. దవాఖాన వాళ్ళు ఇచ్చిన గడువు మంగళవారంతో అయిపోతుంది కదా అని భార్య మాబెల్ గుర్తు చేసింది. వీరమ్మ ఆమెకు చీటీ చూపించి పోయింది. ముక్కనట్లా వదిలిపెట్టి మనిషి కోసం పొమ్మంది కూడా. అతను చెవిన పెట్టలేదు. పని సగంలో వదిలితే లెక్క తేలదన్నాడు.

మంగళవారం పొద్దున సెగ తీసి ముక్కను వేడి బూడిదలో పూడ్చాడు. బుధవారం తెల్లవారాక తవ్వి తీశాడు. నల్లగా, పొక్కు కట్టి ఉంది. బల్ల మీద పెట్టి అయస్కాంతాన్ని దగ్గరికి తెచ్చాడు. ముక్క కొంచెం కదిలింది. ఇంకా దగ్గరికి తెచ్చేసరికి పాకుతూ వచ్చి అంటుకుంది. గట్టిగా కాదు, గోటితో తోస్తే ఊడేటంతే. కానీ పట్టింది.

ప్రేమ్‌రాజ్ అంగీ కూడా మార్చుకోకుండా బస్సుకు పరుగెత్తాడు.

ఊళ్ళో బిచ్చయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కన్ను పిడికిలంత వాచింది. నొప్పికి మూడు రోజులుగా అన్నం ముట్టలేదట. దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ ప్రేమ్‌రాజ్ చెప్పలేదు. ఎందుకైనా మంచిది, డాక్టరు చెప్పినట్టే చేద్దాం బావా అన్నాడు. అంతే అన్నాడు. బిచ్చయ్య సరేనన్నాడు. అప్పటికి అతను దేనికైనా సరేననేటట్టున్నాడు.

పదిహేడో రోజున కన్ను తీశారు. డాక్టరు ఆ పలుకును చిన్న సీసాలో వేసి చూపించాడు. క్రాసింగు చెక్కుముక్క ఎలా ఉందో అదీ అలాగే ఉంది, కాకపోతే చాలా చిన్నది. గడువు లోపల ఎందుకు రాలేదని అడిగాడు డాక్టరు. వీరమ్మ ప్రేమ్‌రాజ్ వైపు చూసింది. అతను కిటికీ వైపు చూశాడు.

ఒక నెల బాగానే గడిచింది. ఒంటి కన్నుతోనైనా రైల్వే గేటు దగ్గర పని ఇస్తారని భూమయ్య ధైర్యం చెబుతుండేవాడు. తర్వాత ఒకనాడు, దీపం చుట్టూ పొగ కనబడుతున్నదన్నాడు బిచ్చయ్య. వారానికి ఆ పొగ పగలు కూడా వచ్చింది. డాక్టరు కొత్తగా వచ్చిన మందుచుక్కలు తెప్పించి వేశాడు. వెలుతురు చూస్తే కన్ను మండేది, నీళ్ళు ధారకట్టేవి. బతుకమ్మ పండుగ నాటికి వీరమ్మ ముఖం గుండ్రటి మచ్చలా మాత్రం కనబడేది. దీపావళికి అదీ లేదు. ముప్పై ఆరేళ్ళ మనిషి.

రైల్వేవాళ్ళు లెక్క తేల్చి పంపేశారు. నాంపల్లిలో కిరాయి ఇల్లు ఖాళీ చేశారు. ఊరికి పోయే రోజున చెప్పిపోదామని భార్య చెయ్యి పట్టుకుని బిచ్చయ్య దుకాణానికి వచ్చాడు. వీరమ్మ అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, మూట ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది. చాయ్ వచ్చింది. బిచ్చయ్య గ్లాసు కోసం గాలిలో చెయ్యి చాచి వెతుకుతుంటే ప్రేమ్‌రాజ్ అందించాడు. అప్పుడిక అతని వల్ల కాలేదు. పెద్దగా ఏడ్చేశాడు.

"బావా, నీ కంట్ల వడ్డది ఇనుమే. అయస్కాంతం పట్టని ఇనుము గూడ ఉంటదని నాకు తెల్వదు. తెలిసినంక గూడ నేను రాలే. నిజమా కాదా అనుకుంట ఐదు రోజులు గీడనే కూసున్న. గా ఐదు రోజుల ముందుగాల వస్తె నీ రెండో కన్ను దక్కుతుండె" అన్నాడు.

వీరమ్మ తల ఎత్తింది. ఐదు రోజుల సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు.

బిచ్చయ్య గ్లాసు పట్టుకున్న చేతిలో చాయ్ తొణికి లుంగీ మీద పడింది. కాలినా కదలలేదు. తిడతాడనుకున్నాడు ప్రేమ్‌రాజ్. తిట్టాలని, గ్లాసు విసిరి ముఖాన కొట్టాలని కోరుకున్నాడు.

"డాక్టర్ చెప్పిండు, వినలే" అన్నాడు బిచ్చయ్య చివరికి. "గీ వీరమ్మ కాళ్లు వట్టుకోని ఏడ్చింది, వినలే. అందరి మాట పక్కకు వెట్టి నీ మాట విన్న. ఇప్పుడు నువ్వే తప్పంటె, నా కండ్లు నా చేతులతోని నేనే దీస్కున్నట్టు గాదా? పొద్దంత చీకట్ల కూసోని గదే యాది జేస్కోవాలె. గట్ల నేను బతుకలేను బావా. కండ్లు పోయేటివి ఉండె, పోయినయ్. ఇనుము కాదని చెప్పు."

ప్రేమ్‌రాజ్ వీరమ్మ వైపు చూశాడు. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. అవి అతని ముఖం మీద నుంచి కదలలేదు.

"చెప్పు బావా" అన్నాడు బిచ్చయ్య మళ్ళీ. గొంతు చిన్నపిల్లవాడిదిలా ఉంది.

"ఇనుము కాదు" అన్నాడు ప్రేమ్‌రాజ్.

బిచ్చయ్య ఊపిరి పీల్చుకుని, ఔ మరి అని తల ఊపి, మిగిలిన చాయ్ తాగేశాడు. బండికి టైమయిందని వీరమ్మ లేచింది. మూట భుజాన వేసుకుని, భర్త చెయ్యి తన భుజం మీద పెట్టుకుని సందులోకి దిగింది. ఆమె వెనక్కి తిరిగి, పోయొస్తం అన్నా అంటుందేమోనని ప్రేమ్‌రాజ్ వాళ్ళు పోస్టాఫీసు మూల తిరిగేదాకా గడపలో నిలబడ్డాడు. ఆమె అనలేదు.